ఒక్క క్లిక్కులో ఆకాశమూ, ముఖమూ



దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. మూడు లాంతర్ల దగ్గరి చదురుగుడి నుంచి కోట వరకూ సిరిమాను మూడుసార్లు తిరుగుతుంది. పొడవాటి చింతమాను, దాని కొసన పీట, ఆ పీట మీద పూజారి. ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల నడుస్తాయి. మేడలెక్కిన జనం, గోడలెక్కిన జనం, శ్రీకాకుళం నుంచీ ఒడిశా నుంచీ వచ్చిన జనం. వాళ్ళలో మెడలో కెమెరా వేసుకున్నవాళ్ళు కూడా చాలామందే ఉంటారు. పత్రికలవాళ్ళు, పెళ్ళిళ్ళకు ఫొటోలు తీసే స్టూడియోవాళ్ళు, కాలేజీ పిల్లలు. వాళ్ళందరికీ ఏటా అక్కడ ఎదురయ్యే చిక్కు ఒకటే.

పూజారి ఉండేది పైన, మనం నిలబడేది కింద, రోడ్డు మీద. కెమెరా ఎత్తితే ఆయన వెనక ఉన్నదంతా ఆకాశమే. కెమెరాను దాని ఇష్టానికి వదిలేస్తే అది ఆకాశపు వెలుగు చూసి లైటు తగ్గించేస్తుంది. అమ్మవారే దిగివచ్చారని వేల చేతులు మొక్కుతున్న ఆ మనిషి ముఖం నల్లగా పడిపోతుంది. సరే, ముఖం కనబడాలని లైటు పెంచామా, ఆకాశం తెల్లగా కొట్టేస్తుంది. మబ్బూ పోతుంది, నీలమూ పోతుంది. అక్కడ నిలబడి చూసిన మన కళ్ళకు మాత్రం రెండూ కనిపించాయి. ముఖమూ కనిపించింది, దాని వెనక ఆకాశమూ కనిపించింది.

ఈ రెండింటినీ ఒక్క ఫొటోలో నిలబెట్టే పద్ధతినే హై డైనమిక్ రేంజ్, పొట్టిగా హెచ్‌డీఆర్ అంటున్నారు. దానికి అందరూ చెప్పే దారి, ఒకే దృశ్యాన్ని మూడు నాలుగు రకాల వెలుగుల్లో వరసగా తీసి, కంప్యూటర్లో కలిపేయడం. ఒక ఫొటో ఆకాశం కోసం, ఒకటి నడిమి వెలుగుల కోసం, ఒకటి నీడల కోసం. బాగానే ఉంది. కానీ సిరిమాను ఆగదు కదా. బండి కదులుతుంది, మాను ఊగుతుంది, జనం విసిరిన అరటిపళ్ళు గాల్లో ఉంటాయి. మూడు క్లిక్కుల మధ్య సెకనులో మూడో వంతు గడిచినా పూజారి మూడు చోట్ల ఉంటాడు. కలిపితే ఒకరికి ముగ్గురు నీడల్లా కనబడతారు. అందుకని ఇక్కడ మనకు పనికొచ్చేది ఒకే ఫొటో. ఆ ఒక్కదానిలోంచే రెండు వెలుగులనూ రాబట్టుకోవాలి.

అది ఎంతవరకు సాధ్యం? ఈ ప్రశ్నకు జవాబు కెమెరా లోపల ఉంది.

వెలుగు రెట్టింపైతే దాన్ని ఒక స్టాపు అంటాం. రెండు స్టాపులంటే నాలుగు రెట్లు, మూడంటే ఎనిమిది, పది స్టాపులంటే 1,024 రెట్లు. ఒక దృశ్యంలో బాగా చీకటైన చోటికీ బాగా వెలుగున్న చోటికీ మధ్య ఎన్ని స్టాపుల ఎడం ఉంటే, అదే ఆ దృశ్యపు డైనమిక్ రేంజ్. మిట్టమధ్యాహ్నం ఎండలో నేల మీద పడే వెలుగు లక్ష లక్సుల దాకా ఉంటుంది. నూనె దీపాలు మాత్రమే వెలిగే గర్భాలయంలో అది పదికి కూడా రాదు. ఆ రెండింటికీ తేడా పదివేల రెట్ల పైనే, అంటే పదమూడు స్టాపులు దాటినట్టు. అరసవల్లి సూర్యనారాయణస్వామి ఆలయాన్ని తలుచుకోండి. మార్చి రెండో వారంలోనూ, అక్టోబరు మొదటి రోజుల్లోనూ తెల్లవారే కిరణాలు గోపురం దాటి, మండపం దాటి, లోపలి నల్లరాతి మూర్తి పాదాలను తాకుతాయి. అక్కడ ఫొటో తీయనివ్వరు, తీయకూడదు కూడా. చీకటి, నల్లరాయి, దాని మీద సూటిగా పడిన ఎండ, మూడూ ఒకే చోట ఉన్న దృశ్యం అది. ఏ యంత్రానికైనా పరీక్షే.

మన కన్ను ఆ పరీక్షలో ఎలా నెగ్గుతుందంటే, అది అంతా ఒక్కసారిగా చూడదు. ముఖం మీద చూపు నిలిపినప్పుడు ఒకలా, ఆకాశం వైపు తిప్పినప్పుడు మరోలా సర్దుకుంటుంది. ఎండలోంచి చీకటి గదిలోకి వెళితే పూర్తిగా అలవాటు పడటానికి అరగంట దాకా పడుతుంది. అలా ముక్కలుగా చూసినదాన్ని మెదడు కలిపి మనకు చూపిస్తుంది. కెమెరాకు ఆ అవకాశం లేదు. ఒక్క క్లిక్కు, అందులో ఎంత పడితే అంతే.

సెన్సరు మీద కోట్ల పిక్సెళ్ళుంటాయి. ఒక్కో పిక్సెల్‌ను వానలో పెట్టిన కుండ అనుకోండి. నిండి పొర్లిపోయిన కుండను చూసి ఎంత వాన కురిసిందో ఎవరూ చెప్పలేరు. అడుగున నాలుగు చుక్కలే పడ్డ కుండలో మాత్రం, కొలవడం కష్టమే అయినా, నీళ్ళున్నాయి. ఒక్క ఫొటోతో హెచ్‌డీఆర్ చేయడంలోని కీలకమంతా ఇదే. తెల్లగా కొట్టేసిన ఆకాశంలో తీసుకోవడానికి ఏమీ మిగలదు. నల్లగా పడిన ముఖంలో మాత్రం సమాచారం ఇంకా ఉంటుంది. కాబట్టి రెండిట్లో ఒకటి వదులుకోక తప్పని క్షణంలో, కాపాడవలసింది వెలుగును. నీడను తరువాత పైకి తేవచ్చు.

అయితే నీడను ఎంతైనా తేవచ్చా? తేలేం. రా ఫైలు గురించి వినే ఉంటారు. సెన్సరు కొలిచిన లెక్కలను వండి వార్చకుండా ఉన్నవున్నట్టు దాచేది రా ఫైలు. పద్నాలుగు బిట్ల రా ఫైలులో ఒక్కో పిక్సెల్‌కు 16,384 మెట్లుంటాయి. వినడానికి చాలా పెద్ద సంఖ్య. కానీ ఆ మెట్లు అన్ని స్టాపులకూ సమానంగా రావు. అన్నిటికన్నా వెలుగైన ఒక్క స్టాపే అందులో సగం, 8,192 మెట్లు తీసేసుకుంటుంది. దాని కింది స్టాపుకు 4,096. ఆ కింద 2,048. అలా సగం సగం అవుతూ పదో స్టాపుకు వచ్చేసరికి మిగిలేవి 16 మెట్లు. ముఖం ఆ అడుగు మెట్ల మీద పడి ఉంటే, దాన్ని పైకి లాగినప్పుడు చుక్కలు చుక్కలుగా గరుకు తేలుతుంది, చెంప మీద రంగు చారలు కడుతుంది. ఇక జేపెగ్‌గా తీసుకున్నామంటే రంగుకు 256 మెట్లే. అప్పటికే ఆకాశం మీద, నీడ మీద కెమెరా తీర్పు చెప్పేసి ఉంటుంది. జేపెగ్‌తో కూడా ఏదో చేయవచ్చు గాని, దాన్ని నేను హెచ్‌డీఆర్ అనను.

అందుకే ఇది కంప్యూటర్ ముందు కాదు, రోడ్డు మీద, క్లిక్కుమనిపించే ముందే మొదలయ్యే పని. కెమెరాను రా ఫైలు మీద పెట్టండి. మాన్యువల్‌కు రండి. సిరిమాను రాకముందే, అది రాబోయే చోటి ఆకాశాన్ని ఒకసారి తీసి హిస్టోగ్రాం చూడండి. ఫొటోలో ఏ వెలుగు ఎంతుందో చూపే, కొండలా కనిపించే ఆ గీత కుడి అంచుకు దగ్గరగా రావాలి, అంచుకు గుద్దుకుని నిలబడకూడదు. అంటే కుండ నిండుతోంది, పొర్లడం లేదు. అనవసరంగా వెలుగు తగ్గిస్తే ముఖం అడుగు మెట్లకు జారిపోతుంది. అందువల్ల ఆకాశం నిలిచే హద్దు వరకూ లైటు ఇవ్వడమే ముఖానికి మేలు. మరొక సంగతి. మన పండుగల్లో పసుపు, కుంకుమ, బంతిపూలు ఎక్కువ. వీటిలో ఎరుపు ఒక్కటే ముందుగా నిండిపోతుంది. మొత్తం వెలుగు గీత బాగానే ఉన్నట్టు కనిపించినా, కుంకుమ బొట్టు మాత్రం ముద్దగా, గీతలేమీ లేకుండా వస్తుంది. కాబట్టి మూడు రంగుల గీతలనూ విడివిడిగా చూపించే హిస్టోగ్రామే చూడాలి.

ఇదంతా కంప్యూటర్లు వచ్చాక పుట్టిన తాపత్రయం అనుకోవద్దు. 1850లలో ఫ్రాన్సులో గుస్తావ్ లె గ్రే అనే ఆయన సముద్రాన్ని తీసేవాడు. ఆనాటి గాజు నెగటివులు నీలానికి అతిగా స్పందించేవి, ఆకాశం ఉత్త తెలుపుగా వచ్చేది. ఆయన సముద్రానికో నెగటివు, ఆకాశానికో నెగటివు తీసి, అచ్చు వేసేటప్పుడు దిగంతం దగ్గర కలిపేవాడు. అది రెండు ఫొటోల దారి. ఒకే నెగటివు దారి మన పాత స్టూడియోల డార్క్‌రూముల్లో ఉండేది. నెగటివు పట్టుకున్నంత వెలుగును అచ్చు కాగితం పట్టుకోలేదు. అందుకని ఎన్‌లార్జర్ కింద కాగితం మీద వెలుగు పడుతుండగా, ముఖం ఉన్న చోట అట్టముక్కతో నీడపట్టేవారు. ముఖం తేలికవుతుంది. ఆకాశానికి మాత్రం ఇంకొన్ని సెకన్లు అదనంగా వెలుగిచ్చేవారు. మబ్బు ముదురుతుంది. అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ అనే ఇద్దరు 1940 ప్రాంతంలో దృశ్యంలోని వెలుగులను అచ్చులో ఇమిడ్చే పనికి జోన్ సిస్టం పేరుతో ఒక లెక్క కట్టారు. మన ఊళ్ళలో ఆ పేరు తెలియకుండానే చేతి అలవాటుతో అదే పని చేసిన డార్క్‌రూము పనివాళ్ళున్నారు. వాళ్ళ పేర్లు ఫొటో వెనక ముద్రపడలేదు. ఈ రోజు కంప్యూటర్లో మనం చేసేది వాళ్ళ చేతుల పనే.

ఇప్పుడు కంప్యూటర్ దగ్గరకు వద్దాం. డబ్బు పెట్టి కొనే లైట్‌రూమ్, ఫొటోషాప్ ఉన్నాయి. ఉచితంగా దొరికే డార్క్‌టేబుల్, రాథెరపీ, గింప్ ఉన్నాయి. కాలేజీ పిల్లలకు రెండోవి చాలు. రా ఫైలును తెరిచి ఒకే ఫొటోను మూడుసార్లు కడగండి. ఒకసారి రెండు స్టాపులు తగ్గించి, ఒకసారి ఉన్నది ఉన్నట్టుగా, ఒకసారి రెండు స్టాపులు పెంచి. మొదటిదాంట్లో మబ్బులు, నడిమిదాంట్లో మాను, కట్టుబట్టలు, మూడోదాంట్లో ముఖం బాగా కనిపిస్తాయి. ఈ మూడూ ఒకే క్షణానివి కాబట్టి అతుకు పడదు, ఎవరూ రెండుసార్లు కనిపించరు. ఇక ఏ చోట ఏది బాగుందో అక్కడ దాన్ని తీసుకుని కలపడమే. దీన్ని యంత్రమే చేసే పద్ధతిని 2007లో మెర్టెన్స్, కౌట్జ్, వాన్ రీత్ అనే పరిశోధకులు ప్రకటించారు. ఎక్స్‌పోజర్ ఫ్యూజన్ అంటారు. మూడు కాపీలతో పని లేకుండా, ఒకే ఫైలు మీద హైలైట్స్ తగ్గించి, షాడోస్ పెంచి, ముఖం చుట్టూ మాస్కు గీసుకుని చేసినా ఫలితం ఇంచుమించు అదే.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఒకే రా ఫైలులోంచి మూడు కాపీలు తీసినంత మాత్రాన కొత్త వెలుగేమీ పుట్టదు. సెన్సరు పట్టుకున్నదాన్నే తెర మీదా, కాగితం మీదా కనబడేలా పంచుతున్నాం, అంతే. నిజంగా మూడుసార్లు తీసిన దానిలో నీడలు దీనికన్నా శుభ్రంగా ఉంటాయి. కాబట్టి కదలనిదాన్ని తీస్తున్నప్పుడు మూడుసార్లు తీయడమే మంచిది. వంశధార ఒడ్డున శ్రీముఖలింగంలో మధుకేశ్వరాలయపు శిల్పాలున్నాయి. రాయి కదలదు, ఎండా నీడా నిలకడగా ఉంటాయి. అక్కడ ఓపిగ్గా మూడు తీయండి. అయితే పురావస్తు శాఖ కట్టడాల్లో ముక్కాలి స్టాండు వాడాలంటే ముందుగా అనుమతి కావాలి. చేత్తో పట్టుకుని తీయవలసి వస్తే మళ్ళీ ఒక్క ఫొటో దారే నమ్మకం. తేలినీలాపురంలో గూళ్ళ మీదకు దిగే పెలికాన్లకు, పెయింటెడ్ స్టార్కులకు ఏ ముక్కాలీ పనికిరాదు. తెల్ల రెక్క, దాని కింద నీడ, వెనక ఆకాశం, అన్నీ ఒక్క క్లిక్కులోనే రావాలి.

ఈ ఒక్క క్లిక్కు కోసం సెన్సరునే మార్చవచ్చని చెప్పినవాళ్ళూ ఉన్నారు. కొలంబియా విశ్వవిద్యాలయం ఆచార్యుడు శ్రీ నాయర్, టొమూ మిత్సునాగాతో కలిసి 2000 సంవత్సరంలో ఒక ఆలోచన ప్రకటించారు. పక్కపక్కనున్న పిక్సెళ్ళకు వేరువేరు పాళ్ళలో వెలుగు అందిస్తే, ఒకటి నిండిపోయినా పక్కది నిండదు. అప్పుడు ఒకే ఫొటోలో చాలా ఎక్స్‌పోజర్లుంటాయి. మన జేబులోని ఫోన్లు మాత్రం ఎక్కువగా వేరే దారి తొక్కాయి. మనం ఒకసారి నొక్కితే ఫోను లోపల వరసగా చాలా ఫొటోలు తీసి, కదిలినవాటిని సర్ది, కలిపి ఇస్తుంది. గూగుల్ హెచ్‌డీఆర్ ప్లస్ చేసేది ఇదే, అందులోనూ మొదట్లో ప్రతి ఫొటోనూ ఆకాశం పోకుండా కాస్త చీకటిగానే తీసేది. నొక్కింది ఒకసారే గాని అది ఒక్క ఫొటో కాదు. సిరిమాను దగ్గర ఫోన్లో తీసిన కొన్ని ఫొటోల్లో అరటిపండు సగం మాయమవడానికి కారణం ఈ సర్దుబాటే.

ఈ పని విలువ నాకు బాగా కనబడేది పొందూరులో. శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖద్దరు గురించి నేను కొత్తగా చెప్పనక్కర్లేదు. పత్తిని వలుగ చేప దవడతో దువ్వి, ఏకులు చేసి, రాట్నం మీద సన్నటి నూలు తీస్తారు. ఆ పని ఇంట్లో జరుగుతుంది. వెలుగు గుమ్మంలోంచి వస్తుంది. గుమ్మం దగ్గర తెల్లటి పత్తి, వెనక మసిబారిన గోడ, నడుమ వయసు మళ్ళిన ఆడమనిషి చేతులు. పత్తిని తెల్లగా కొట్టేయనిస్తే పింజ పోతుంది, పోగు పోతుంది. అది పొందూరు పత్తి అనడానికి ఆధారమే పోతుంది. ఫ్లాష్ వేస్తే పోగు దొరుకుతుందేమో గాని గుమ్మపు వెలుగు చచ్చిపోతుంది, ఇల్లు ఇల్లులా ఉండదు. పత్తి కోసం ఎక్స్‌పోజర్ పెట్టి, చేతులను నీడలోంచి ఒకటిన్నర, రెండు స్టాపులు పైకి తెస్తే, దవడ ఎముక పళ్ళలో చిక్కుకున్న దూది కూడా కనిపిస్తుంది. ఆ చేతులు ఆ పని ఎలా చేస్తాయో ముందు తరాలకు చూపించగల ఫొటో అప్పుడు వస్తుంది. ఆ పని చేసేవాళ్ళు తగ్గిపోతున్న రోజుల్లో ఇది చిన్న విషయం కాదు.

ఎక్కడ ఆగాలన్నది వేరే సమస్య. నీడలను పైకి తెచ్చే స్లైడరు చేతికి దొరికితే చాలామంది చివరిదాకా లాగేస్తారు. అప్పుడు చింతమాను చుట్టూ తెల్లటి అంచు కడుతుంది, మబ్బులు బూడిద రంగుకు తిరుగుతాయి, ముఖం మీద ప్రతి గీతా గీసినట్టు నిలబడుతుంది. అంచు ఎందుకు వస్తుందంటే, కంప్యూటర్ ఒక్కో చోటినీ దాని చుట్టుపక్కలతో పోల్చి వెలుగు సర్దుతుంది. నల్లటి మాను పక్కన మిరుమిట్లు గొలిపే ఆకాశం ఉంటే ఆ సర్దుబాటు హద్దు దాటి ఒలుకుతుంది. నీడను పైకి లాగడం తగ్గించి, మాస్కు అంచును సరిచేస్తే ఆ అంచు పోతుంది.

దీనికన్నా నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి ఉంది. "ఏటి బాబూ, మా గుంట మొఖం ఇలా నల్లగా పడిపోనాదేటి?" అని స్టూడియోలో అడిగిన తండ్రికి కావలసింది కూతురి ముఖం కనబడటం. మనం నీడ తీయడం మాని ఒంటి రంగే మార్చేస్తున్నాం. ఎండలో పనిచేసే మనుషుల ఊళ్ళు మనవి. చామనఛాయను చామనఛాయగా కనబడేలా చేయడమే ఈ పద్ధతి గొప్పతనం. దాన్ని తెలుపు చేసేస్తే ఆ బిడ్డను ఫొటోలోంచి తీసేసినట్టే. చీకటిని పూర్తిగా చెరిపేయడం కూడా అలాంటిదే. కళింగపట్నం ఒడ్డున తెల్లవారేటప్పుడు సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, దానికెదురుగా తెప్పలు నల్లగా ఉంటాయి. కంటికీ అవి అలాగే కనిపిస్తాయి. ఆ నలుపును లాగి తెప్ప మీది రంగులు చూపించనక్కర్లేదు.

కృత్రిమ మేధ గురించి కూడా చెప్పాలి. 2017లో స్వీడన్ లింషోపింగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, తెల్లగా కొట్టేసిన చోట్ల ఏం ఉండి ఉంటుందో వేల ఫొటోలు చూసి నేర్చుకున్న యంత్రంతో ఊహించి నింపే పద్ధతి చూపించారు. చూడటానికి నమ్మేలా ఉంటుంది. సినిమాకు, గ్రాఫిక్స్‌కు చాలా ఉపయోగం. 2020లో ఫొటోషాపు ఏకంగా ఆకాశాన్నే మార్చే సదుపాయం ఇచ్చింది. కానీ అలా వచ్చిన మబ్బు ఆ మంగళవారం విజయనగరం మీద ఉన్న మబ్బు కాదు. పెళ్ళి ఆల్బంలో పెట్టుకోండి, గోడకు తగిలించుకోండి. ఉత్సవ ఫొటో అని పత్రికకు పంపకండి.

నీడ తీయడానికీ కల్పించడానికీ మధ్య గీత ఎక్కడుందో తేల్చిన సంఘటన ఒకటి జరిగింది. స్వీడిష్ పత్రిక దాగెన్స్ నిహేతర్ ఫొటోగ్రాఫర్ పాల్ హాన్సెన్ 2012 నవంబరులో గాజాలో ఒక అంత్యక్రియల ఊరేగింపు తీశాడు. ఇరుకు సందు, చనిపోయిన ఇద్దరు చిన్నపిల్లలను మోసుకొస్తున్న బంధువులు, గోడ మీంచి జారిన వెలుగు. 2013లో దానికి వరల్డ్ ప్రెస్ ఫొటో అత్యున్నత బహుమతి వచ్చింది. ముఖాల మీది వెలుగు సహజంగా లేదనీ, అది కొన్ని ఫొటోలు అతికించినదనీ ఆరోపణ లేచింది. నిర్వాహకులు ఆయన రా ఫైలును నిపుణులకు ఇచ్చి పరీక్ష చేయించారు. రంగులు, వెలుగునీడలు సర్దిన మాట నిజమే గాని అతుకులేమీ లేవని, అది ఒకే ఫొటో అని వాళ్ళు తేల్చారు. అంత సర్దుబాటు ఉండాలా వద్దా అన్న చర్చ ఇప్పటికీ ఉంది. నా మటుకు నాకు ఆయన కాస్త ఎక్కువే చేశాడనిపిస్తుంది. కానీ ఆయన నిజాయతీని కాపాడింది దాచి ఉంచిన ఆ ఒక్క ఫైలే.

మన దగ్గర జేపెగ్ ఇచ్చేసి, కార్డు ఖాళీ చేసేసి, తరువాతి పెళ్ళికి వెళ్ళిపోవడం అలవాటు. స్టూడియోలు నడుపుతున్న సోదరులకు, పత్రికల్లో పనిచేస్తున్నవాళ్ళకు, ఇప్పుడే కెమెరా పట్టిన పిల్లలకు నా విన్నపం ఇది. మన జాతరలు, మన చేతిపనులు, మన గుడులు తీసిన రా ఫైళ్ళను చెరపకండి. ఏడాది, ఊరు, సందర్భం రాసి రెండు వేరువేరు హార్డ్ డిస్కుల్లో, రెండు వేరువేరు చోట్ల దాచండి. ఇవాళ మీ చేతిలో ఉన్న సాఫ్ట్‌వేర్ కన్నా మెరుగైనది రేపు వస్తుంది. అప్పుడు అదే ఫైలు తెరిచి నీడలోని ముఖాన్ని ఇంకా బాగా చూపించవచ్చు, ఫైలు మిగిలి ఉంటే.